క్రొత్తగా తెచ్చిన మేకపిల్లల రోగములు, వాని చికిత్స
(రాయికోడులో రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



నేను పశువైద్యుడను గాను. రెవెన్యూ మహకమాలో కాగితములను ఒక భాషనుండి మరియొక భాషకు మార్చు ఉద్యోగిని. పశువుల దవాఖానావారి సూచనలును, పశువుల అంటురోగములకు సంబంధించిన చట్టములును తెలుగు చేయుట నా పాలబడినందున, వానిలోని సంగతులు రైతునకు తెలియు మాటలలో చెప్పుమని నన్ను ఇచ్చటికి పంపిరి. మందుల మోతాదులను నిర్ణయించుట వైద్యుని పని. వైద్యుడు వచ్చులోపల ఏమి చేయవలయును, ఏమి చేయగూడదు, అసలు వైద్యుని పిలువవలసిన అవసరమే కలుగకుండ ఎట్లు చూచుకొనవలయును అనునవి రైతు చేతిలోని పనులు. నేను చెప్పబోవునది వానిని గురించియే.

మీ గ్రామములయందు కంది, జొన్న కోతలు ముగిసి చేతిలో నాలుగు రూకలు ఆడు దినములలో మేకపిల్లలను కొనుట వాడుక. చేను బీడుపడి యుండును, కొయ్యకాలు మేతయు కందిపొట్టును ఊరకనే దొరకును. పదియో ఇరువదియో పిల్లలను తెచ్చి పెంచి పండుగలనాటికి అమ్మిన లాభము వచ్చునని లెక్క. ఆ లెక్క తప్పుకాదు. జహీరాబాదు తాలూకా 1956వ సంవత్సరము వరకు బీదరు జిల్లాలోనిది. మన అంగళ్లకు నేటికిని బీదరు వైపుతోను, ఆ పైనున్న ఉస్మానాబాదు వైపుతోను రాకపోకలు తెగలేదు. ఉస్మానాబాదునకు 2023వ సంవత్సరమున ధారాశివ్ అని పేరు మార్చిరి గాని మేకకు ఉస్మానాబాదీ అను పేరే నిలిచియున్నది. ఈ జాతి మేకలు ఎక్కువగా నలుపు. ఎండకు ఓర్చును, తరచు కవలల నీనును, నల్లరేగడి మెట్టపొలముల మేతతో బ్రతుకును. మనవంటి నేలకు ఇంతకంటె తగినది లేదు.

అయినను ప్రతి సంవత్సరము మన గ్రామములలో వినబడు మాట ఒకటి కలదు: “తెచ్చిన పక్షము దినములలో సగము పోయినవి.” ఆ చావు తెచ్చినవారి దొడ్డితోనే ఆగదు. భూస్వామి తన ఇరువది పిల్లలను తెచ్చి ఊరిమందలో కలుపును. ఆ మందలోనే కూలి చేసికొని బ్రతుకు ఒక విధవరాలి రెండు మేకలును ఉండును. భూస్వామికి పోయినది ఈ సంవత్సరపు లాభము. ఆమెకు పోయినది పిల్లవాని బడి ఖర్చు, ఒకానొకప్పుడు మొత్తము ఆస్తి. ఈ కారణముచేతనే చట్టము సయితము ఈ విషయమున కలుగజేసికొనుచున్నది. ఆ సంగతి ముందు చెప్పెదను.

క్రొత్త పిల్ల ఏల చచ్చుచున్నది? దాని ప్రయాణమును ఒక్కమారు తలచుకొనుడు. తల్లినుండి విడదీసిరి. అంగడిలో పది ఊళ్ల మేకలతో కలిపి కట్టిరి. పగలంతయు నీరు లేదు. ఒకదాని ముక్కునీరు మరియొకదానికి అంటెను. రాత్రి లారీలోనో ఆటోలోనో కిక్కిరియ నెక్కించి తెచ్చిరి. తెల్లవారి మీ దొడ్డిలో దింపగానే, పాపము ఆకలితో నున్నవని జొన్నలు దోసిళ్లతో పోసిరి. పిల్ల శరీరములోని రోగనిరోధకశక్తి అంతయు ఆ రెండు దినములలో కరగిపోవును. అంతకుముందు కడుపులో అణగియున్న పురుగులును, ఊపిరితిత్తులలో నిద్రించుచున్న క్రిములును అప్పుడే లేచును. 2017వ సంవత్సరము జూన్ 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకమును ప్రారంభించినప్పుడు, ఒక్కొక్కరికి ఇరువది గొర్రెలును ఒక పొట్టేలును 1,25,000 రూపాయల వెలతో, నూటికి డెబ్బదియైదు వంతులు సర్కారు భరించునట్లుగా ఇచ్చిరి. పొరుగు రాష్ట్రములనుండి లారీలలో వచ్చిన ఆ గొర్రెలలో కొన్ని మార్గాయాసముచేతను రోగములచేతను చనిపోయిన వార్తలు ఆ దినములలో పత్రికలయందు వచ్చెను. సర్కారు కొన్నను, మీరు కొన్నను జీవముయొక్క ధర్మము ఒకటియే.

కొనునప్పుడే సగము వైద్యము జరుగును. అంగడిలో పది మందలనుండి ఏరిన పిల్లలకంటె ఒకే మందనుండి, ఆ మంద ఉన్న చోటికే పోయి కొన్న పిల్లలు మేలు. వెల కొంత ఎక్కువైనను చింతలేదు. పిల్ల వెనుకకు పోయి తోకక్రింద చూడుడు. పెంటికలు గుండ్రముగా, పొడిగా ఉండవలెను. తోకకు మలమంటి ఎండియున్నచో ఆ పిల్లను, దానితో కట్టియున్న వానిని గూడ విడువవలెను. ముక్కును కన్నులును పొడిగా నుండవలెను. క్రింది కనురెప్పను మెల్లగా తిప్పిచూచిన ఎర్రగా నుండవలెను; తెల్లబారి యుండిన కడుపులో నెత్తురు త్రాగు పురుగులున్నవని అర్థము. కొంచెము పరుగెత్తించి దగ్గునేమో వినుడు. నోరు తెరచి చూడుడు. చిన్న పాలపండ్లు మాత్రమే యున్నచో ఏడాది లోపలి పిల్ల. మూడు నెలలు నిండని, ఇంకను పాలు విడువని పిల్లను ఆరు నెలలదని అమ్మువారు ఉన్నారు. అట్టిదానికి మేతతోపాటు పాలు పోసి పెంచుట సాధ్యమైననే కొనవలెను. టీకాలు వేయించితిరా అని అడుగుడు. చెవికి బిళ్ల ఉన్నదా చూడుడు. వేయించితిమని నోటిమాటగా చెప్పినదానిని వేయింపనట్లే ఎంచుట క్షేమము.

తెచ్చిన దినమున చేయవలసినది ఇది. నడియెండలో తరలింపక చల్లని వేళ తెండు. దింపగానే నీడను వదలి మూడు నాలుగు గంటలు ఊరకుండనిండు. కొంచెము బెల్లము, చిటికెడు ఉప్పు కలిపిన నీరు కొద్దికొద్దిగా త్రాగింపుడు. దప్పికతో ఉన్నవని ఒక్కమారుగా తొట్టి నింపి పెట్టవద్దు. తరువాత ఎండుగడ్డి, కందిపొట్టు, తుమ్మ, రేగు, రావి, వేప మొదలైన ఆకులు. మొదటి వారము జొన్నలుగాని మక్కలుగాని బియ్యముగాని పెట్టనేగూడదు. అటుపిమ్మట పిడికెడుతో ఆరంభించి పది దినములలో మెల్లమెల్లగా పెంచవలెను.

ఇక వేరు కొట్టము సంగతి. క్రొత్త పిల్లలను ఇరువదియొక్క దినములు పాత మందకు దూరముగా ఉంచవలెను. దూరమనగా దడికి ఆవల అని అర్థము చేసికొనవద్దు. ఒకదాని ఊపిరి మరియొకదానికి తగులని, ఒకే తొట్టిలో నీరు త్రాగని, ఒకే బాటను మేతకు పోని దూరము కావలెను. పొలమునందలి బావికొట్టము మంచిది. రేగడినేలమీద వానకాలమున బురద నిలుచును గనుక, జహీరాబాదు చుట్టుపట్ల ధర్మముగా దొరకు ఎర్రమొరమును జానెడెత్తు పోసి, ఒక ప్రక్కకు వాలు ఉండునట్లు త్రొక్కించుడు. కోహీరు వైపున చలికాలపు రాత్రులు ఎంత చల్లగా నుండునో మీకు చెప్పనక్కరలేదు. గాలి వీచు దిక్కున గోనెపట్టాలు కట్టవలెను, కాని నాలుగు ప్రక్కలను మూసి ఊపిరాడకుండ చేయగూడదు. మూత్రపు వాసనతో కన్నులు మండు కొట్టమునందు ఊపిరితిత్తుల రోగము తప్పదు. ఒకే జీతగాడు రెండు చోట్లను చూచునెడల ముందు పాత మందపని ముగించి, ఆ తరువాతనే క్రొత్తవాని దగ్గరకు పోవలెను. తిరిగి వచ్చునప్పుడు కాళ్లుచేతులు సబ్బుతో కడుగుకొనవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేసినచో వేరు కొట్టము కట్టిన ఖర్చు వ్యర్థము.

ప్రతి దినము ఉదయము ఎండ ఎక్కకమునుపు ఒక్కొక్క పిల్లను చూడవలెను. మేతకు వచ్చినదా, నెమరు వేయుచున్నదా, మందనుండి విడిగా నిలుచున్నదా? సందేహము కలిగిన పిల్లకు జ్వరము చూడుడు. థర్మామీటరు పెద్ద వెలగాదు. కొనకు నూనె రాచి గుదమునందు ఒక నిమిషము ఉంచవలెను. మేకకు సహజమైన వేడి 102 మొదలు 103½ డిగ్రీలవరకు ఉండును; మన దేహముకంటె ఎక్కువేయని భయపడవద్దు. 104 దాటినచో జ్వరము. 100కు తగ్గినచో అంతకంటెను అపాయము, ఆ పిల్ల చల్లబడిపోవుచున్నదని తెలిసికొనవలెను.

రోగము ఏదియో గుర్తించుటకు రైతునకు ఉపయోగపడు ఉపాయమొకటి కలదు. అది పిల్ల వచ్చినది మొదలు ఎన్నవ దినమున జబ్బుపడెనో లెక్కించుట. లెక్కలవాడను గనుక ఇది నాకు మిక్కిలి నచ్చినది.

మొదటి మూడు దినములలో పడిన పిల్లకు తరచుగా అంగడిరోగము కారణము కాదు; ఆయాసము, దప్పిక, లేదా మీరు ప్రేమతో పెట్టిన ధాన్యమే కారణము. అలవాటులేని ధాన్యము కడుపునిండ తిన్నపుడు కడుపులో పులుపు పుట్టును. పిల్ల పండ్లు కొరుకును, ఎడమ డొక్క ఉబ్బి గట్టిపడును, మలము పలుచనై పుల్లవాసన వేయును, త్రాగినదానివలె తూలును. ధాన్యము వెంటనే మానిపించి, పది కిలోల పిల్లకు ఒక చిన్న చెంచాడు వంటసోడా నూరు మిల్లీలీటర్ల నీటిలో కలిపి మెల్లగా త్రాగించి, వైద్యునికి కబురు పంపవలెను. ఇట్లు మిక్కుటముగా మేసిన పిల్లలలోనే చిటుకు రోగము గూడ వచ్చును. సాయంత్రము గంతులువేసిన పిల్ల, అందులోను మందలో బలిసిన పిల్లయే, తెల్లవారుసరికి మెడ వెనుకకు విరిచి చచ్చిపడియుండును. దీనికి చికిత్సకు సమయము చిక్కదు. తొలకరివానలకు లేతగడ్డి మొలచుటకు ముందుగానే టీకా వేయించుటయు, మొదటిసారి వేయించినవానికి రెండుమూడు వారములలో రెండవమారు వేయించుటయు మాత్రమే ఉపాయము. వానలు లేక గిడసబారిన జొన్నచేనిలోను, కోసిన జొన్నమోళ్ల పిలకలలోను విషముండునని మీకు మాకంటె బాగుగా తెలియును. క్రొత్త కాపరికి తెలియకపోవచ్చును, వానికి చెప్పుడు.

నాలుగవ దినము మొదలు పదవ దినమువరకు వచ్చు జ్వరమును అన్నిటికంటె ఎక్కువగా అనుమానింపవలెను. అంగడిలో అంటిన పారుడు రోగము బయటపడు కాలమిది. ఇంగ్లీషున దీనికి పి.పి.ఆర్. అని పేరు. దీనిని గురించి కొంత విస్తరించి చెప్పెదను.

ఈ రోగమును మొట్టమొదట 1942వ సంవత్సరమున పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీకోస్టున వర్ణించిరి. మన దేశమున 1987వ సంవత్సరమున తమిళనాడులోని అరసూరు గ్రామమున కనిపించెను. అటుపిమ్మట కొన్ని ఏండ్లు దక్షిణదేశముననే తిరుగుచుండి, 1994 తరువాత ఉత్తరమునకును వ్యాపించెను. పశువుల పెద్దరోగపు వైరసును దీని వైరసును దాయాదులు. అందుచేతనే చాలకాలము మేకలకు వచ్చిన పారుడును పెద్దరోగమేయని తలచిరి. ఆ పెద్దరోగము, మన తాతల కాలమున ఊళ్లకు ఊళ్ల ఎద్దులను తుడిచిపెట్టినది, టీకాలవలన లోకములో ఎచ్చటను లేకుండపోయెనని 2011వ సంవత్సరమున ప్రకటించిరి. పారుడు రోగమును 2030 నాటికి అట్లే నిర్మూలింపవలెనని 2015వ సంవత్సరమున ఐవరీకోస్టులోని అబిజాన్ నగరమున దేశదేశములవారు కూడి సంకల్పించిరి. మన దేశమున ముక్తేశ్వరమునందలి పరిశోధనశాలవారు హిమాచలప్రదేశమునందలి సుంగ్రి అను చోట మేకనుండి సేకరించిన వైరసుతో టీకా తయారుచేసిరి. మందలకు మందలే టీకా వేసిన పిమ్మట పూర్వపు ఆంధ్రప్రదేశమునను కర్ణాటకమునను ఈ రోగము తగ్గినది. కాని టీకా లేని చోటినుండి ఒక్క లారీడు పిల్లలు దిగిన తిరిగి మొదటికే వచ్చును.

దీని లక్షణములు: మొదట 104 మొదలు 106 డిగ్రీలవరకు జ్వరము. కంటను ముక్కునను నీరు. రెండుమూడు దినములలో అది చిక్కబడి చీమువలెనై ముక్కురంధ్రములను మూసివేయును. పండ్లచిగుళ్లపైనను నాలుకపైనను పెదవుల లోపలను తవుడు చల్లినట్లు తెల్లని పొర, దానిక్రింద పుండ్లు, దుర్గంధము. తరువాత నీళ్లవిరేచనములు, దగ్గు, ఎగరొప్పు. జ్వరము వచ్చిన అయిదు మొదలు పది దినములలో చావు. టీకాలేని పిల్లల మందలో సగమునకు మించి పోవుటయు కలదు. బ్రతికినదానికి మరల ఈ రోగము రాదు.

వైరసును చంపు మందు లేదు. ఈ మాట విని చేతులు ముడుచుకొనగూడదు. ఏలయనగా చచ్చు పిల్లలలో చాల భాగము వైరసుతో గాక, దానివెంట వచ్చిన ఊపిరితిత్తుల వాపుతోను, విరేచనములలో నీరు పోవుటతోను చచ్చుచున్నవి. ఈ రెంటికిని చికిత్స కలదు. ఊపిరితిత్తులకు వైద్యుడు సూదిమందు వేయును. దానిని ఆయన చెప్పినన్ని దినములు వేయింపవలెను, రెండవ దినమున పిల్ల లేచి నిలిచినదని మానిపింపరాదు. నోటిపుండ్లను లేతగులాబిరంగు వచ్చునంత మాత్రము పర్మాంగనేటు కలిపిన నీటితోగాని పటికనీటితోగాని దినమునకు రెండుమార్లు కడిగి, గ్లిజరిన్ పూయుడు. ముక్కును తడిగుడ్డతో తుడిచి ఊపిరాడునట్లు చేయుడు. పుండ్ల నోటితో గడ్డి నమలలేదు గనుక పలుచని జొన్నఅంబలియో బియ్యపుజావయో కొద్దికొద్దిగా, లేతఆకులు చేతితో పెట్టవలెను.

విరేచనములు ఏ రోగమున వచ్చినను రైతు స్వయముగా చేయగల మేలైన పని నీరు త్రాగించుట. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో చిన్నచెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుడు. ఉప్పు ఎక్కువ కాగూడదు. పది కిలోల పిల్లకు గంటకో రెండుగంటలకో నూరు మిల్లీలీటర్ల చొప్పున దినమునకు సుమారు ఒక లీటరు పట్టవలెను. మెడమీది తోలు చిటికెతో పైకెత్తి విడిచినప్పుడు వెంటనే సర్దుకొనక మడతగా నిలిచినచో, కన్నులు లోనికి పోయినచో శరీరములో నీరు చాల పోయినదని గుర్తు. తల నిలుపలేని పిల్లకు నోట పోయవద్దు, వైద్యుడు నరమున ఎక్కింపవలసినదే.

పోయుటలో ఒక జాగ్రత్త. మన కాపరులు పిల్ల తలను ఆకాశమునకు ఎత్తి, వెదురుగొట్టముతో ఒక్కగుక్కగా మందు పోయుదురు. అది కడుపునకు గాక ఊపిరితిత్తులలోనికి పోవును. రెండు దినములకు పిల్ల చచ్చును, మందు పనిచేయలేదని నింద. ముక్కు కంటికంటె ఎత్తు కాకుండ పట్టి, పెదవి ప్రక్కన సూదిలేని సిరంజితో కొద్దిగా పోసి, మ్రింగినపిమ్మట మరల పోయవలెను. దగ్గినచో తల వెంటనే విడిచిపెట్టవలెను.

కడుపుమీద కొరవితో వాతలు పెట్టు ఆచారము ఇంకను కొన్ని ఊళ్లలో కలదు. విరేచనములతో నీరసించిన పసిప్రాణమునకు కాల్పుపుండ్లు, వానిపై ఈగలు, పురుగులు. ఇది చికిత్స గాదు. పోచమ్మకు మొక్కుకొనుట మీ ఇష్టము, దానికి ఎవరును అడ్డురారు. మొక్కుకొన్నపిమ్మట జబ్బుపిల్లను వేరుచేయుట మాత్రము మానవద్దు. అట్లే మనుష్యులకు వాడు నొప్పిమాత్రలు వేయుటయు మంచిదికాదు. వానిలో డైక్లోఫెనాకు అను మందు వేసిన పశువుల కళేబరములను తిని దేశములోని రాబందులు నశించినందున, పశువులకు దానిని వాడుటను 2006వ సంవత్సరమున సర్కారు నిషేధించినది.

రెండు వారములు దాటి వచ్చు విరేచనములు వేరు జాతివి. పిల్లకు జ్వరముండదు లేదా కొంచెముండును. మలమునందు జిగురు, ఒక్కొక్కప్పుడు నెత్తుటిచారలు. ముక్కుచుండును, వెండ్రుకలు నిక్కి యుండును, ఎదుగుదల నిలిచిపోవును. ఇది కాక్సిడియా అను సూక్ష్మజీవిచేత వచ్చును. మలముతో నేలబడి, తడినేలలో బలిసి, నేలమీద పోసిన మేతతో తిరిగి కడుపులోనికి పోవును. మూడు వారములనుండి అయిదు నెలలవరకు వయసుగల పిల్లలకే ఎక్కువ. వైద్యుడు సల్ఫా మందుగాని ఆంప్రోలియముగాని అయిదు దినములు ఇచ్చును. మందుకంటె గొప్పది మేతను నేలపై వేయక, మోకాలెత్తున కట్టిన తొట్టిలోనో, వ్రేలాడగట్టిన కట్టలుగానో పెట్టుట. మేక స్వభావముచేతనే పైకెత్తి మేయు జీవము. నేలమీద మేపునది మన సోమరితనము.

పురుగులమందు తెచ్చిన మొదటి వారముననే, తూనికను బట్టి పట్టింపవలెను. కంటితో ఉజ్జాయించి అందరికి ఒకే మూత పోయుట వాడుక. తక్కువ పడిన చోట పురుగు చావదు, మందునకు అలవాటుపడును. కొన్ని ఏండ్లకు ఆ మందు ఆ ఊరిలోనే పనిచేయదు. సంచి తూచు కొక్కెపుత్రాసు ప్రతి రైతుయింటను ఉన్నది, పిల్లను గోనెలో పెట్టి తూచుట కష్టముగాదు. మందు పట్టించిన రెండు దినములు కొట్టములోనే ఉంచి ఆ పెంటికలను పెంటకుప్పలో వేయుడు. మంజీరపై కట్టిన సింగూరు జలాశయపు అంచులలోను, కుంటల చెమ్మలలోను మేపు మందలకు నత్తలద్వారా జలగవ్యాధి వచ్చును. దవడక్రింద నీటిసంచివలె వ్రేలాడుట దీనికిని, నెత్తురు త్రాగు పురుగునకును గుర్తు. క్రొత్త పిల్లలను అటు తోలకుండుట సులభము.

మూతిపుండ్లు, మశూచి, గాలికుంటు ఇవియు ఈ మూడు వారములలోనే బయటపడును. మూతిపుండ్లు ముట్టుకొన్నవారి చేతులకును అంటును గనుక చేతులకు తొడుగు వేసికొనవలెను. పిడుదులు, పేలు సంగతి మీరెరిగినదే.

టీకాల విషయము. పారుడు టీకా మూడునాలుగు నెలలు నిండిన పిల్లకు ఒకమారు వేసిన మూడు సంవత్సరములు కాపాడును. కాని టీకా పనిచేయుటకు సుమారు రెండు వారములు పట్టును. కావున అమ్మువాని దొడ్డిలోనే, కొనుటకు మూడు వారములముందు వేయించి, ఆ తరువాత తెచ్చుకొనుట అన్నిటికంటె మేలు. బయానా ఇచ్చి ఈ షరతు పెట్టవచ్చును. వీలుకానిచో, పిల్లలు వచ్చి అలసట తీరి జ్వరము లేనివని తేలినపిమ్మట వైద్యుడు వేయును. జ్వరముతోనున్నదానికి వేయించి, అది చచ్చిన టీకాను తిట్టుట న్యాయముగాదు.

ఇక చట్టము. 2009వ సంవత్సరపు పశువుల అంటురోగముల నివారణ, నియంత్రణ చట్టము ప్రకారము, పారుడువంటి జాబితాలోని రోగమున్నదని నమ్ముటకు కారణమున్న యజమాని ఆ సంగతిని గ్రామాధికారికిగాని గ్రామపంచాయతికిగాని తెలుపవలెను, జబ్బుజీవమును వేరుగా నుంచవలెను. “వేరుగా నుంచుట” అని నేను వ్రాసిన చోట ఒక అధికారి “నిర్బంధించుట” అని దిద్దిరి. నాకు మొదటిదే నచ్చినది. నిర్బంధమనగానే రైతు దాచును. వేరుగా అనగా చేయును. తెలిపినంతమాత్రమున మీ మందను ఎవరును తోలుకొనిపోరు. వైద్యుడు వచ్చి, చుట్టునున్న మందలకు టీకాలు వేయుటకు అవకాశము కలుగును. ఆ విధవరాలి మేకలు దానివలననే మిగులును.

జబ్బుపిల్లను చవుకగా వచ్చినదే చాలునని అంగడికి తోలువారున్నారు. మీరు కొన్న జబ్బు అట్లు తోలినవారినుండి వచ్చినదే. చచ్చిన పిల్లను వాగులో వేయవద్దు, కుక్కలకు వేయవద్దు. మేకతల తిన్న కుక్క మలమువలన మందలో గిర్రున తిరుగు వెర్రిజబ్బు పుట్టును. మనిషి నడుములోతు గొయ్యి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. ముక్కుననో మలద్వారముననో గడ్డకట్టని నల్లనెత్తురు కారి చచ్చినదానిని కోయనేగూడదు, దొమ్మ కావచ్చును. అది మనుష్యులకును ప్రాణాపాయము.

భూమిగల రైతులకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఇంకొకటి కలదు. మీలో అనేకులు పిల్లలను స్వయముగా మేపరు. జీతగానికో, సగము పాలునకు ఒక కుటుంబమునకో అప్పగింతురు. చచ్చిన పిల్లవెల జీతములో కోయుట, పాలులో తగ్గించుట కొన్ని చోట్ల వాడుక. దీని ఫలము ఏమనగా, కాపరి మొదటి దినమున ముక్కునీరు చూచియు చెప్పడు. దగ్గును దాచును. మూడవ దినమున మూడు పిల్లలు పడినపిమ్మట మీకు తెలియును. అప్పటికి మంద అంతయు అంటుకొనియుండును. ఒక్క పిల్లవెల మిగుల్చుకొనబోయి ఇరువదింటిని పోగొట్టుకొనుట ఏ లెక్క? కావున మాట ముందుగానే తేల్చుకొనుడు: రోగముచేత చచ్చినదాని నష్టము యజమానిది, మందుల ఖర్చు యజమానిది, రోగమును మొదటి పూటనే చెప్పుట కాపరి పని. వీలైన దానిని కాగితముమీద వ్రాసికొనుడు. అదే పుస్తకములో పిల్లలు వచ్చిన తేదీ, ఎచ్చటినుండి, ఎన్ని, పురుగులమందు ఎప్పుడు, టీకా ఎప్పుడు, చచ్చినది ఎన్నవ దినమున అని ఒక్కొక్క పంక్తి వ్రాయుడు. వైద్యుడు వచ్చినప్పుడు మొదట అడుగునది అదియే.

ఇరువదియొక్క దినములు గడచి, కడపటి వారమున ఒక్క పిల్లకును జ్వరముగాని దగ్గుగాని విరేచనముగాని లేనిచో మందలో కలుపవచ్చును. మధ్యలో ఒక్కటి జబ్బుపడినను, అది కోలుకొన్న దినమునుండి లెక్క మరల మొదలు. కలుపు దినమున ఉదయము రెండు మందలకును కడుపునిండ మేపి, మధ్యాహ్నము విశాలమైన బీడులో వదలుడు. ఇరుకు దొడ్డిలో మొదటిసారి కలిపిన పెద్ద మేకపోతులు పిల్లలను కుమ్మును. ఆ రాత్రి మాత్రము పిల్లలను తిరిగి తమ కొట్టముననే కట్టి, మరునాడు తొట్టిదగ్గర వానికి చోటు దొరకుచున్నదో లేదో మీరే స్వయముగా నిలిచి చూడుడు.